కౌబాయ్ యాక్షన్ షూటింగ్‌కి తూటాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

పందొమ్మిదో శతాబ్దం చివరినాటి అమెరికా పడమటి సీమ వేషం కట్టి, ఆనాటి నమూనా తుపాకులతో, టైమర్ మోగగానే ఉక్కు పలకల్ని వరసగా కొట్టే ఆట ఇది. 1987లో మొదలైన సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ దీనికి నియమాలు పెడుతుంది. స్నేహితుడి వెంట ఒకసారి మ్యాచ్ చూసి మనసు పారేసుకుని, తీరా తూటాల ధర చూసి వెనకాడుతున్న మన తెలుగువాళ్ల కోసం ఈ పేజీ రాశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఆటలో తూటాల ఖర్చు చాలావరకు తుపాకి కొన్న రోజునే తేలిపోతుంది. మిగతాదంతా ఆ తర్వాత చేసుకునే సర్దుబాటే.

ఒక మ్యాచ్‌కి ఎన్ని తూటాలు పడతాయి?

మామూలుగా ఒక స్టేజ్‌కి (మ్యాచ్‌లో ఒక్కో విడతకి) రెండు రివాల్వర్లలో అయిదేసి చొప్పున పది, రైఫిల్‌కి పది, షాట్‌గన్‌కి నాలుగో ఆరో. రివాల్వర్‌లో ఆరు గదులున్నా అయిదే నింపి, సుత్తిని (తూటాని కొట్టి పేల్చే భాగాన్ని) ఖాళీ గది మీద దించి ఉంచుతారు. నెలవారీ క్లబ్ మ్యాచ్‌లో అయిదారు స్టేజ్‌లుంటాయి. ఆరు స్టేజ్‌లనుకుంటే రివాల్వర్లకు 60, రైఫిల్‌కి 60, షాట్‌గన్‌కి 24 నుంచి 36. తప్పిన పలకను మళ్లీ కొట్టాల్సి వచ్చేది ఎక్కువగా షాట్‌గన్‌తోనే. అందుకని ఆ గుళ్లు ఓ పాతిక అదనంగా ఉంచుకోండి.

నేను హెచ్-1బి మీద ఉన్నాను. తూటాలు కొనుక్కోవచ్చా?

మనవాళ్లు ముందుగా అడగాల్సింది ఇదే. చాలామంది ఆఖర్న అడుగుతారు. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు కొన్నే. వాటిలో ఎక్కువగా వాడుకలో ఉన్నది అమెరికాలో ఏదైనా రాష్ట్రం జారీ చేసిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు.

తూటాలు సొంతంగా కొనకపోతే పర్వాలేదనుకోకండి. మిత్రుడి తూటాల డబ్బా మీ కార్లో ఉన్నా, మీ అల్మరాలో ఉన్నా అది మీ దగ్గర ఉన్నట్టే లెక్క. మీ వీసా సంగతి తెలిసీ మీకు ఇచ్చినవాళ్లూ ఇరుక్కుంటారు. గ్రీన్ కార్డ్ దరఖాస్తు నడుస్తున్నవాళ్లు, స్టేటస్ మధ్యలో మారినవాళ్లు ఇమిగ్రేషన్ లాయర్ని అడిగాకే షూటింగ్ రేంజ్ గడప తొక్కండి. ఏళ్ల తరబడి క్యూలో నిలబడి తెచ్చుకున్న వీసా బతుకుని ఒక డబ్బా తూటాల కోసం పణంగా పెట్టొద్దు.

ఏ కాలిబర్ (తూటా సైజు) తీసుకుంటే చవక?

.38 స్పెషల్. ఇంకో మాట లేదు. రివాల్వర్లు, రైఫిల్ మూడూ .357 మ్యాగ్నమ్‌కి తయారైనవి తీసుకోండి, వాటిలో .38 స్పెషల్ పేల్చండి. అమెరికాలో దాదాపు ప్రతి తుపాకి దుకాణంలోనూ అది దొరుకుతుంది. సీసం తక్కువ పడుతుంది, వెనక్కి తన్నడం తక్కువ, పేలాక మిగిలే ఖాళీ ఇత్తడి తొడుగులూ సులువుగా దొరుకుతాయి.

.45 కోల్ట్ మీద మోజు నాకూ ఉంది. 1873లో అమెరికా సైన్యం రివాల్వర్‌తో పాటు వచ్చిన తూటా అది. చేతిలో పట్టుకుంటేనే ఆ బరువులో ఏదో దర్జా ఉంటుంది. కానీ ఫ్యాక్టరీ తూటా ధర .38కి దాదాపు రెట్టింపు దాకా పోతుంది. పైగా తేలికపాటి లోడ్ (తక్కువ మందు) వేస్తే ఆ పెద్ద తొడుగు గది గోడకు గట్టిగా ఆనుకోదు, పొగ, మసి వెనక్కి తన్ని రైఫిల్ లోపలంతా నల్లబడుతుంది. .44-40 తొడుగు మూతి పల్చన కాబట్టి గదిని బాగా మూసేస్తుంది, రైఫిల్ శుభ్రంగా ఉంటుంది. కాకపోతే అదే పల్చదనం వల్ల ఖాళీ తొడుగుని మళ్లీ నింపేటప్పుడు (లోడ్ చేసేటప్పుడు) చిన్న పొరపాటుకే ముడతపడి పాడవుతుంది. .32 హెచ్ అండ్ ఆర్ మ్యాగ్నమ్ తన్నడం చాలా తక్కువ, కానీ ఫ్యాక్టరీ తూటాలు వెతుక్కోవాలి. సొంతంగా లోడ్ చేసుకునేవాళ్లకే అది నప్పుతుంది.

రివాల్వర్‌కీ రైఫిల్‌కీ ఒకే తూటా అన్న ఆలోచన కొత్తది కాదు. 1873 వించెస్టర్ రైఫిల్ .44-40లో వచ్చాక, కొన్నేళ్లకే కోల్ట్ కంపెనీ అదే తూటాకి రివాల్వర్ చేసి అమ్మింది. గుర్రం మీద పోయేవాడికి ఒకే రకం తూటాలు మోసుకుపోతే చాలు. .45 కోల్ట్‌కి మాత్రం ఆ రోజుల్లో లీవర్ రైఫిల్ (కింది పిడి తిప్పి తూటా ఎక్కించేది) రాలేదు. దాని తొడుగు అడుగున అంచు మరీ సన్నగా ఉండి, ఖాళీ తొడుగుని పట్టి బయటికి లాగడానికి వీలయ్యేది కాదంటారు.

దుకాణంలో అన్నిటికన్నా చవకగా ఉన్న .38 డబ్బా తీసుకోవచ్చా?

చాలాసార్లు కుదరదు. చవక డబ్బాలో ఉండేది తరచుగా రాగి తొడుగున్న బుల్లెట్ (తూటా మూతి దగ్గరుండి బయటికి దూసుకుపోయే ముక్క). ఈ ఆటలో సీసపు బుల్లెట్‌కే అనుమతి. రాగి తొడుగున్నవి, సగం తొడుగువి, రాగి పూత పూసినవి, అడుగున గ్యాస్ చెక్ (చిన్న రాగి మూత) ఉన్నవి ఏవీ పనికిరావు. కారణం సూటిగా ఉంది: మనం ఉక్కు పలకల్ని చాలా దగ్గర నుంచి కొడతాం. రివాల్వర్ లక్ష్యాలు పది గజాల లోపే ఉండటం మామూలు. మెత్తటి సీసం పలకకు తగిలి చితికి రాలిపోతుంది. రాగి ముక్కలైతే పదునుగా చీలి వెనక్కి వస్తాయి. రంగురంగుల పాలిమర్ పూత ఉన్న సీసపు బుల్లెట్లకు అనుమతి ఉంది. పొగ తక్కువ, చేతికి సీసం అంటడమూ తక్కువ. నేనైతే వాటికే ఓటేస్తాను.

వేగానికీ హద్దులున్నాయి. రివాల్వర్‌లో సెకనుకు 1000 అడుగులు, రైఫిల్‌లో 1400 అడుగులు దాటకూడదు. కింది హద్దు సెకనుకు 400 అడుగులు, దాంతోపాటు పవర్ ఫ్యాక్టర్ 60కి తగ్గకూడదు. బుల్లెట్ బరువును గ్రెయిన్లలో (గ్రెయిన్ అంటే పౌనులో 7000వ వంతు) తీసుకుని వేగంతో గుణించి 1000తో భాగిస్తే వచ్చేదే పవర్ ఫ్యాక్టర్. 105 గ్రెయిన్ల బుల్లెట్ 600 అడుగుల వేగంతో పోతే 63 వస్తుంది, సరిపోయింది. 125 గ్రెయిన్లది 700తో పోతే 87.5. మామూలు .38 స్పెషల్ సీసపు తూటా, అంటే 158 గ్రెయిన్ల బుల్లెట్ 755 అడుగులతో పోయేది, ఈ హద్దుల మధ్య హాయిగా ఇముడుతుంది. దాన్ని రైఫిల్లో వాడేముందు మాత్రం కింది జవాబు చదవండి.

రివాల్వర్‌లో బాగానే పేలుతున్న తూటా రైఫిల్లో ఎందుకు ఇరుక్కుంటోంది?

బుల్లెట్ ఆకారం, తూటా పొడుగు: ఈ రెండిట్లో ఒకటై ఉంటుంది. లీవర్ రైఫిల్లో తూటాలు గొట్టంలో ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి. ఒకదాని బుల్లెట్ మొన ముందున్నదాని ప్రైమర్‌కి (తూటా అడుగున ఉండి, దెబ్బ తగలగానే మందుని అంటించే చిన్న బిళ్లకి) ఆనుకుని ఉంటుంది. మొన గుండ్రంగా ఉంటే అదురుకి ప్రైమర్ పేలే ప్రమాదం ఉంది. అందుకే రైఫిల్‌కి మొన చదునుగా ఉన్న బుల్లెట్లే వాడాలి. పైన చెప్పిన 158 గ్రెయిన్ల తూటా ఎక్కువగా గుండ్రటి మొనతో వస్తుంది, కాబట్టి దాన్ని రివాల్వర్లకే ఉంచండి. డబ్బా మీద కౌబాయ్ అని రాసి ఉన్నవి సాధారణంగా చదును మొనతోనే వస్తాయి. అయినా మూత తీసి ఒక తూటా చేతిలోకి తీసుకుని చూడండి. బుల్లెట్ మొత్తం తొడుగులోకి దిగిపోయి ఉండే వాడ్‌కట్టర్ తూటాలైతే లీవర్ రైఫిల్లోకి ఎక్కవు.

ఇక పొడుగు. 1873 నమూనా రైఫిల్లో తూటాను పైకెత్తే క్యారియర్ ఒక నిర్దిష్టమైన పొడుగుకి చేసినది. తూటా మరీ పొట్టిగా ఉంటే, వెనకున్న తూటా కొంచెం ముందుకి తోసుకొచ్చి క్యారియర్ పైకి లేవకుండా అడ్డం పడుతుంది. .357కి చేసిన రైఫిల్లో .38 వేసినప్పుడు ఈ తంటా వస్తుంది. కొన్ని రైఫిళ్లు ఏదిచ్చినా మింగేస్తాయి, కొన్ని సరిగ్గా ఒక కొలతకే లొంగుతాయి. ఏ బ్రాండ్ అయినా ముందు ఒకటే డబ్బా కొని, రైఫిల్ గొట్టం నిండా పది వేసి రేంజ్‌లో వేగంగా లీవర్ తిప్పుతూ పేల్చి చూడండి. అది ఆడకుండా పెద్ద కేసు (పెట్టె) ఆర్డర్ చేయకండి.

మంచి ఫ్యాక్టరీ తూటాలు ఏవి?

దక్షిణ డకోటాలోని ర్యాపిడ్ సిటీ నుంచి వచ్చే బ్లాక్ హిల్స్, ఇంకా వించెస్టర్, ఫియోచి, మ్యాగ్‌టెక్, హెచ్ఎస్ఎం. వీళ్లంతా కౌబాయ్ ఆటకని ప్రత్యేకంగా తూటాలు చేసినవాళ్లే. అన్నీ అన్ని వేళలా దొరకవు. నా దృష్టిలో బ్రాండ్ కన్నా మూడు విషయాలు ముఖ్యం: సీసపు బుల్లెట్, చదును మొన, మీ తుపాకి దాన్ని ఒప్పుకోవడం. ఇవి కుదిరితే ఏది చవకైతే అదే మంచిది.

కొత్త తూటా, పేరున్న కంపెనీ. అయినా క్లిక్కుమని ఊరుకుంటోంది. ఎందుకు?

సెకండ్‌హ్యాండ్‌లో కౌబాయ్ తుపాకి కొన్నారా? అయితే తూటాని తిట్టకముందు తుపాకి సుత్తి స్ప్రింగ్ చూడండి. వేగం కోసం ఈ ఆటగాళ్లు స్ప్రింగ్‌లు బాగా మెత్తబరుస్తారు. దెబ్బ మెత్తబడితే గట్టి ప్రైమర్ పేలదు. ఫెడరల్ అనే కంపెనీ ప్రైమర్లు మెత్తనివని పేరు, అందుకే మెత్తబరిచిన తుపాకుల వాళ్లు వాటినే వెతుక్కుంటారు. సీసీఐ కంపెనీ ప్రైమర్లు కాస్త గట్టివి. ఫ్యాక్టరీ తూటాలో ఏ ప్రైమర్ ఉందో ఎంచుకునే వీలు మనకుండదు. కాబట్టి ఫ్యాక్టరీ తూటాల మీదే ఆధారపడేవాళ్లు స్ప్రింగ్‌ని కొంచెం బలంగా ఉంచుకోవాలి. కొన్ని డాలర్ల స్ప్రింగ్ మారిస్తే పోయే జబ్బుకి డబ్బాలకి డబ్బాల తూటాలు మార్చి చూసేవాళ్లని చూస్తే బాధేస్తుంది.

పేలకపోతే తుపాకిని లక్ష్యం వైపే ఉంచండి. ఆలస్యంగా పేలే తూటాలూ ఉంటాయి.

షాట్‌గన్‌కి ఏవి కొనాలి?

12 గేజ్‌ (గొట్టం సైజు)లో తేలికపాటి టార్గెట్ లోడ్. గుండు లోపలి చిన్న పూసలు (షాట్) సీసానివే ఉండాలి, సైజు నంబరు 4 గానీ అంతకన్నా చిన్నవి గానీ (నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నది). ఎక్కువమంది ఏడున్నర, ఎనిమిది వాడతారు. స్టీల్ షాట్, మ్యాగ్నమ్, హై వెలాసిటీ అని రాసి ఉన్నవి వద్దు. వించెస్టర్ ఏఏ ఫెదర్‌లైట్ 980 అడుగుల వేగంతో వస్తుంది, భుజానికి హాయి. ధర మాత్రం కాస్త ఎక్కువ.

పెద్ద దుకాణాల్లో వంద గుళ్ల పెట్టెలు చవకగా దొరుకుతాయి. వాటి అడుగు భాగం చాలాసార్లు ఇత్తడి కాదు, ఉక్కు. పేలాక ఉక్కు వ్యాకోచించి గదిని పట్టేస్తుంది. రెండు గొట్టాల షాట్‌గన్‌లో ఒక్క కుదుపుకి ఖాళీ గుళ్లు జారిపడాలి కదా, ఇవి అంటుకుపోయి గోళ్లతో పీక్కోవాల్సి వస్తుంది. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుంది. 1897 నమూనా పంప్ షాట్‌గన్ నిజంగా పాతదైతే, దాని గది ఇప్పటి రెండు ముప్పావు అంగుళాల గుండు కన్నా పొట్టిగా ఉండొచ్చు. పాత తుపాకి ఏదైనా సరే గన్‌స్మిత్ చేత గది కొలిపించాకే పేల్చండి.

సొంతంగా లోడ్ చేసుకుంటే నిజంగా మిగులుతుందా?

నెలకో మ్యాచ్ ఆడేవాళ్లకు మిగులుతుంది. ఏడాదికి రెండుసార్లు ఆడేవాళ్లు ఫ్యాక్టరీవి కొనుక్కోవడమే మేలు.

లెక్క ఇలా వేసుకోండి. తూటాలో నాలుగు భాగాలు: ఇత్తడి తొడుగు, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బుల్లెట్. తొడుగు తిరిగి తిరిగి వాడుకోవచ్చు, కాబట్టి ఖర్చయ్యేవి మిగతా మూడే. ప్రైమర్ వెయ్యికి 80 డాలర్లు, పాలిమర్ పూత ఉన్న సీసపు బుల్లెట్లు వెయ్యికి 90 డాలర్లు అనుకుందాం. మందు పౌను 45 డాలర్లు అనుకుందాం. పౌనులో 7000 గ్రెయిన్లుంటాయి. లెక్క తేలికగా ఉండటానికి తూటాకి 4 గ్రెయిన్లు అనుకుంటే 1750 తూటాలొస్తాయి, అంటే ఒక్కోదానికి రెండున్నర సెంట్లు. మొత్తం ఇరవై సెంట్లకి అటూ ఇటూ. ఫ్యాక్టరీ కౌబాయ్ తూటా యాభై సెంట్లనుకుంటే, 120 తూటాల మ్యాచ్‌కి 60 డాలర్ల బదులు 24 అవుతుంది. మీ ఊళ్లో ఈవారం ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి. ఆ 4 గ్రెయిన్లు లెక్క కోసం మాత్రమే. ఎంత మందు వేయాలో మందు కంపెనీ ప్రచురించిన లోడ్ డేటా నుంచే తీసుకోవాలి, ఇంకెవరి నోటి నుంచీ కాదు.

ప్రెస్ (తూటాలు కూర్చే యంత్రం) ధర ముందు పెట్టుబడి. లీ కంపెనీ సింగిల్ స్టేజ్ ప్రెస్‌తో మొదలుపెట్టడం మంచిది. నెమ్మదిగా సాగుతుంది, ఏ మెట్టులో ఏం జరుగుతోందో కళ్లకు కనిపిస్తుంది. డిల్లన్ కంపెనీది లాంటి ప్రోగ్రెసివ్ ప్రెస్‌కి (పిడి లాగిన ప్రతిసారీ అన్ని మెట్లూ కలిసి జరిగేది) ఆ తర్వాత మారొచ్చు. ప్రైమర్లు, మందు ఆన్‌లైన్‌లో తెప్పిస్తే హజ్‌మ్యాట్ (ప్రమాదకర సరుకు) రుసుము విడిగా పడుతుంది. ఆ రుసుము పార్సిల్‌కి ఒకసారి కాబట్టి రెండూ ఒకే ఆర్డర్‌లో తెప్పించుకోండి.

లోడ్ చేసేటప్పుడు టీవీ వద్దు, ఫోన్ వద్దు, కబుర్లు వద్దు. .38 తొడుగు పెద్దది, మనం వేసే మందు కొంచెం. పొరపాటున రెండుసార్లు పడినా తొడుగు నిండదు, పైకి తెలియదు. బుల్లెట్ పెట్టకముందు ప్రతి తొడుగులోకీ లైటు వేసి చూడాలి. ట్రెయిల్ బాస్ అనే మందు బాగా గుల్లగా ఉండి, రెండుసార్లు పోస్తే పొంగి పొర్లేది. కొత్తవాళ్లకు అంత భద్రమైనది ఇంకోటి రాలేదు. చాలాకాలంగా అది దుకాణాల్లో కనిపించడం లేదు, నిజంగా లోటే. ప్రైమర్ పూర్తిగా లోపలికి దిగిందో లేదో కూడా వేలితో తడిమి చూడండి. వెంట్రుకవాసి పైకి ఉన్నా రివాల్వర్ సిలిండర్ తిరగదు.

క్లబ్‌లో ఒక పెద్దాయన తను లోడ్ చేసినవి చవకగా ఇస్తానంటున్నారు. తీసుకోనా?

వద్దు. ఆయన ఎంత మంచివారైనా సరే. అమ్మడానికి తూటాలు తయారుచేయాలంటే ఫెడరల్ లైసెన్స్ కావాలి. అది లేకుండా అమ్మడం ఆయనకు నేరం, లోపల ఏముందో తెలియని తూటా మీ చేతికి ప్రమాదం. ఆయన దగ్గర పక్కన కూర్చుని లోడ్ చేయడం నేర్చుకోండి. ఈ ఆటలో పాతవాళ్లు అడిగితే ఎంత ఓపిగ్గానైనా నేర్పుతారు.

తూటా పేలింది కానీ చప్పుడు చప్పగా వచ్చింది. ఏం చేయాలి?

వెంటనే ఆగిపోండి. టైమర్ సంగతి మరిచిపోండి. మందు సరిగా పడని తూటా బుల్లెట్‌ని గొట్టం మధ్యలో వదిలేస్తుంది. దాని వెనక ఇంకోటి పేలిస్తే గొట్టం ఉబ్బుతుంది, పగులుతుంది, చేతులూ కళ్లూ పోవచ్చు. తుపాకిని లక్ష్యం వైపే ఉంచి టైమర్ పట్టుకున్న అధికారికి చెప్పండి. ఆయనే ఆపమని అరిస్తే వాదించకండి. మనం వాడేవి తేలికపాటి లోడ్లు కాబట్టి ఇది వేరే ఆటల్లో కన్నా ఇక్కడ ఎక్కువ ఎదురవుతుంది.

ఎక్కడ కొనాలి? ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చా?

అది మీరుండే రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. టెక్సస్, అరిజోనా లాంటి చోట్ల తూటాలు ఇంటికే వస్తాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్‌లలో తనిఖీలు, కార్డులు, అదనపు నియమాలు ఉన్నాయి. అవి కోర్టుల్లో నలుగుతూ మారుతుంటాయి కాబట్టి కొనేముందు తాజా పరిస్థితి చూసుకోండి. కాలిఫోర్నియాలో 2024 జులై నుంచి తూటాల మీద రాష్ట్రం 11 శాతం పన్ను కూడా వేస్తోంది. ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్సున్న దుకాణం చేతి తుపాకి తూటాలు 21 ఏళ్లు నిండినవారికే అమ్మాలి.

చవక బేరం ఎక్కువగా వెయ్యి తూటాల కేసులో ఉంటుంది. ధర పోల్చేటప్పుడు డబ్బా ధర కాకుండా, రవాణా, పన్ను కలిపి ఒక్కో తూటాకి ఎంత పడిందో చూడండి. ఉచిత రవాణా అన్న చోట తూటా ధరలోనే అది కలిసి ఉండొచ్చు. క్లబ్‌లో నలుగురు కలిసి బుల్లెట్లు పెద్ద మొత్తంలో తెప్పించుకోవడం మామూలే.

ఎంత నిల్వ పెట్టుకోవాలి?

నా లెక్క ఒక సీజన్‌కి సరిపడా. 2020లో కోవిడ్‌తో పాటు ప్రైమర్ల కరువొచ్చింది, రెండేళ్లకు పైగా దుకాణాల అరలు ఖాళీగా ఉన్నాయి. ఆ ఏడాదే తుపాకులు, తూటాలు చేసే రెమింగ్టన్ కంపెనీ దివాలా తీసింది. తర్వాత 2024 చివర్లో ఫెడరల్, సీసీఐ, రెమింగ్టన్ మూడు తూటాల వ్యాపారాలూ చెక్ దేశపు చెకోస్లోవాక్ గ్రూప్ చేతికి వెళ్లాయి. ఫియోచిలో ఆ గ్రూప్ అప్పటికే మెజారిటీ వాటా కొనుంది. అంటే అరలో నాలుగు పేర్లున్నా వెనక యజమాని ఒకరే. సరఫరా ఎక్కడైనా తడబడితే నాలుగూ కలిసి తడబడే అవకాశం ఉంది. అందుకే ఒక సీజన్ సరుకు చేతిలో ఉంచుకోవడం తెలివైన పని. భయపడి పదేళ్లకు సరిపడా కొనడం మాత్రం మిగతా ఆటగాళ్ల నోటి దగ్గరది లాక్కోవడమే, ధరలు పెరిగేదీ దానివల్లే.

చల్లగా, పొడిగా ఉండే చోట ఉంచండి. వేసవిలో మండిపోయే గరాజ్ వద్దు. మందుని కంపెనీ డబ్బాలోంచి వేరే సీసాలోకి ఎప్పుడూ మార్చొద్దు. ఇళ్లలో సాధారణంగా పాటించే అగ్నిప్రమాద నియమాల ప్రకారం పొగరాని మందు 20 పౌన్ల లోపు, ప్రైమర్లు 10,000 లోపు ఉంచుకోవచ్చు. మీ కౌంటీ నియమం ఇంకా తక్కువ పెట్టి ఉండొచ్చు.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. సీసంతో ప్రమాదం కాదా?

ప్రమాదమే, తేలిగ్గా తీసుకోకండి. పసిపిల్లల మెదడుకి సీసం ఎంత కొంచెమైనా చెడే చేస్తుంది. రేంజ్ నుంచి రాగానే పిల్లల్ని ఎత్తుకోకముందు చేతులు, ముఖం సబ్బుతో కడుక్కోండి. ఆ బట్టలు విడిగా ఉతకండి. బూట్లు గుమ్మం బయటే విప్పే అలవాటు మనకెలాగూ ఉంది. ఖాళీ తొడుగుల్ని శుభ్రం చేసే టంబ్లర్ దుమ్ములో సీసం చాలా ఉంటుంది, దాన్ని ఇంట్లో, ముఖ్యంగా వంటింట్లో పెట్టకండి. తూటాలు, తుపాకులు తాళం వేసిన బీరువాల్లో, వీలైతే వేర్వేరుగా.

తూటాలు ఖర్చు చేయకుండా సాధన కుదురుతుందా?

కుదురుతుంది, గెలిచేవాళ్లు చేసేదీ అదే. టైమ్ ఎక్కువ పోయేది తుపాకి మార్చుకోవడంలో, షాట్‌గన్‌లో గుళ్లు దోపడంలో. మందూ ప్రైమరూ లేని డమ్మీ తూటాలతో ఇంట్లో రోజూ కాసేపు చేస్తే చాలు. ఆ గదిలో అసలు తూటా ఒక్కటి కూడా ఉండకూడదు.

విమానంలో మ్యాచ్‌కి వెళ్లొచ్చా? అదే బ్యాగ్‌తో ఇండియా వెళ్తే?

అమెరికా లోపలైతే తూటాలు గట్టి పెట్టెలో పెట్టి చెక్-ఇన్ సామానులో వేయాలి, చేతి బ్యాగులో ఎప్పుడూ కాదు. చాలా ఎయిర్‌లైన్స్ 11 పౌన్ల దాకా, అంటే 5 కిలోల దాకా ఒప్పుకుంటాయి. 125 గ్రెయిన్ల .38 తూటాలైతే ఆ బరువులో 350 పైచిలుకు పడతాయి, .45 కోల్ట్ అయితే 200 చిల్లర.

ఇండియా సంగతి పూర్తిగా వేరు. లైసెన్స్ లేకుండా ఒక్క తూటా దొరికినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెట్టొచ్చు. తెలియక ఉండిపోయిందని కోర్టులో నిరూపించుకునే దారి ఉంది, కానీ ఆ లోపు శంషాబాద్‌లో ఫ్లైట్ పోతుంది, పాస్‌పోర్ట్ చిక్కుల్లో పడుతుంది, అమ్మానాన్నలకు మనశ్శాంతి పోతుంది. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగ్, జాకెట్, బూట్లు ఇండియా ప్రయాణానికి అసలు వాడొద్దు. తప్పదనుకుంటే ప్రతి జేబు, ప్రతి జిప్, అడుగున అట్ట కింద కూడా తిరగేసి చూడండి. ఖాళీ తొడుగైనా తీసేయండి.